చీమకుర్తి రోడ్డు దుమ్ము, కారుకి రెండు ఫిల్టర్లు, 4,473 రూపాయల ఎస్టిమేట్

ప్రశ్న: సార్, నమస్కారం. మాది ఒంగోలు. చీమకుర్తి దాటాక ఒక ఊళ్ళో హైస్కూల్ టీచర్‌గా పనిచేస్తున్నాను. రానూ పోనూ రోజుకి 50 కిలోమీటర్లు నా కారులోనే తిరుగుతాను. చిన్న పెట్రోలు కారు. కొని నాలుగేళ్ళయింది, 52 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ మధ్య ఏసీ గాలి సరిగ్గా రావడం లేదు. ఆన్ చేయగానే మట్టి వాసన కొడుతోంది. మా బాబుకి ఆరేళ్ళు, కారెక్కితే చాలు తుమ్ములు. సర్వీసుకి తీసుకెళ్తే ఎస్టిమేట్ ఇచ్చారు: ఎయిర్ ఫిల్టర్ 390, ఏసీ ఫిల్టర్ 720, బిగించడానికి లేబర్ 450, ఏసీ డక్ట్ క్లీనింగ్ 1,450, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 950, లేబర్ మీద జీఎస్టీ 513. మొత్తం 4,473 రూపాయలు. మైలేజీ కూడా పెరుగుతుందన్నారు. పాత ఫిల్టర్లు ఎలా ఉన్నాయో నాకు చూపించలేదు. రెండు రోజుల్లో చెప్తానని వచ్చేశాను. మా ఆయన వాళ్ళు చెప్పినట్టు చేయించెయ్యమంటున్నారు. మా తమ్ముడేమో టైర్ల షాపులో ఆ ఫిల్టర్లకి గాలి కొట్టిస్తే యాభై రూపాయలతో పోతుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక టీచర్, ఒంగోలు

సమాధానం: అమ్మా, ఫిల్టర్లు రెండూ మార్చండి. మీరు తిరిగే రోడ్డుకి అది తప్పనిసరి. కానీ ఆ 4,473 కట్టనక్కర్లేదు. దాదాపు వెయ్యి రూపాయల్లో, మీరే చేసుకుంటే ఇంకా తక్కువలో, ఈ పని అయిపోతుంది. ఇక మీ తమ్ముడు చెప్పిన గాలి కొట్టించే పని మాత్రం వద్దు. అది ఎందుకు వద్దో నాకు డబ్బు పోగొట్టుకున్నాక తెలిసింది. కాసేపట్లో చెప్తాను.

ముందు ఈ రెండు ఫిల్టర్ల సంగతి విడివిడిగా చూద్దాం. చాలామంది రెంటినీ కలిపి 'ఎయిర్ ఫిల్టర్' అనేస్తారు, గొడవ అక్కడే మొదలవుతుంది. బానెట్ కింద నల్ల ప్లాస్టిక్ పెట్టెలో ఉండేది ఇంజన్ పీల్చే గాలిని వడకట్టేది. డ్యాష్‌బోర్డులో, ఎడమ సీటు ముందుండే సొరుగు వెనక ఉండేది మనం పీల్చే గాలిని వడకట్టేది. దాన్నే మెకానిక్కులు ఏసీ ఫిల్టర్ అనీ, క్యాబిన్ ఫిల్టర్ అనీ అంటారు. మొదటిది పాడైతే ఇంజన్‌కి నష్టం. రెండోది పాడైతే మీకూ మీ బాబుకీ నష్టం. మీరు రాసిన మూడు లక్షణాలూ, అంటే గాలి తగ్గడం, మట్టి వాసన, తుమ్ములు, రెండో ఫిల్టర్ వైపే చూపిస్తున్నాయి. ఇంజన్ ఫిల్టర్ గురించి మీ ఉత్తరంలో ఒక్క లక్షణం కూడా లేదు. అయినా దాన్ని మార్చమంటున్నానంటే కారణం మీ రోడ్డు.

ఇంజన్ ఎంత గాలి తాగుతుందో చాలామందికి తెలియదు. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చెప్పుకుంటే, ఒక లీటరు పెట్రోలుకి దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి. మీ కారు లీటరుకి 17 ఇస్తుందనుకుంటే, బడికి వెళ్ళి ఇంటికి వచ్చేసరికి ఆ ఫిల్టర్ గుండా పాతిక వేల లీటర్ల పైనే గాలి వెళ్తుంది. అదే గాలి నెల్లూరు ఊరి మధ్య ఒక రకం, హైవే మీద ఒక రకం, చీమకుర్తిలో పూర్తిగా వేరే రకం.

చీమకుర్తి దుమ్ము మామూలు మట్టి కాదు. బంగారు చుక్కలతో మెరిసే ఆ నల్లరాయిని బ్లాక్ గెలాక్సీ పేరుతో ప్రపంచమంతా కొనుక్కుంటోంది. క్వారీ రోడ్ల మీద లారీల కింద నలిగేదీ, కోత యూనిట్ల దగ్గర బురదలా పారి ఎండాక గాలికి లేచేదీ ఆ రాయి పొడే. చేత్తో పట్టుకుంటే ముగ్గుపిండిలా మెత్తగా ఉంటుంది గానీ, గాజు మీద వేసి రుద్దితే గీత పడుతుంది. ఇంజన్ లోపల పిస్టన్ రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే ఆయిల్ పొర వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులోకి ఈ పొడి చేరితే సానరాయి పెట్టి గీసినట్టే.

అందుకే కంపెనీ పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఉన్న కిలోమీటర్ల లెక్క మీకు వర్తించదు. చాలా కంపెనీలు ఇంజన్ ఫిల్టర్‌ని 30 వేలకో 40 వేలకో మార్చమని రాస్తాయి. అది మంచి తారురోడ్డు లెక్క. అదే పుస్తకంలో వెనక పేజీల్లో, దుమ్ము రోడ్ల మీద తిరిగే బండ్ల కోసం ఇంకో పట్టిక ఉంటుంది. అందులో ఫిల్టర్‌ని తరచూ విప్పి చూడమనీ, అవసరమైతే ముందే మార్చమనీ ఉంటుంది. మీ కారు పుస్తకం సొరుగులోనే ఉండి ఉంటుంది, ఒకసారి ఆ పేజీ తీయండి. నన్నడిగితే చీమకుర్తి మీదుగా రోజూ తిరిగే కారుకి ఇంజన్ ఫిల్టర్ 15 వేల కిలోమీటర్లకి, అంటే మీ తిరుగుడుకి ఏడాదికోసారి, మార్చడం సబబు. మీ 40 వేల సర్వీసు బిల్లు కూడా వెతకండి. అందులో ఎయిర్ ఫిల్టర్ లైను లేకపోతే, కారు కొన్న నాటి ఫిల్టరే ఇంకా నడుస్తూ ఉండొచ్చు. అలా అయితే ఈ వారమే మార్చెయ్యండి.

కొనే ముందు మీ కళ్ళతో ఒకసారి చూడండి. చూపించకుండా ఎస్టిమేట్ ఇవ్వడం నాకు నచ్చలేదు. ఆ ఫిల్టర్ తీయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, కస్టమర్ ముందు తీసి చూపించడం కనీస మర్యాద. మీరే తీసుకోవచ్చు. ఇంజన్ చల్లబడ్డాక బానెట్ ఎత్తండి. బ్యాటరీకి దగ్గర్లో, లావుపాటి నల్ల గొట్టం తగిలించి ఉన్న ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తుంది. కొన్ని కార్లకి నాలుగు క్లిప్పులుంటాయి, కొన్నిటికి స్క్రూలుంటాయి. మూత తీసే ముందు పైన పేరుకున్న దుమ్మును తడిగుడ్డతో తుడవండి. లేకపోతే అదంతా లోపలికే రాలుతుంది. మూత ఎత్తితే మడతలు మడతలుగా, విసనకర్రలా ఉన్న కాగితం కనిపిస్తుంది.

దాని కింది వైపు మురికిగా ఉండటం సహజం. బూడిద రంగు పొడి, రెండు మూడు చచ్చిన పురుగులు, ఒక్కోసారి ఎండు గడ్డిపరక. దాన్ని చూసి కంగారు పడకండి, పట్టుకోవాల్సినవాటినే పట్టుకుంది. చూడాల్సింది పై వైపు, అంటే ఇంజన్‌కి గాలి వెళ్ళే వైపు. ఆ వైపు మడతల్లో శుభ్రంగా ఉండాలి. చూపుడు వేలితో చుట్టూ ఉన్న రబ్బరు అంచుని, పెట్టె లోపలి గోడని తుడవండి. వేలికి బూడిద రంగు అంటితే, గాలి ఎక్కడో పక్కదారిలో వెళ్తోందని అర్థం. ఫిల్టర్ చిరిగి ఉండాలి, లేదా రబ్బరు గట్టిపడి సరిగ్గా కూర్చోవడం మానేసి ఉండాలి. అలాంటిది ఒక్క రోజు కూడా వాడకూడదు. ఇంకో పరీక్ష: రాత్రి పూట ఫిల్టర్ వెనక సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూడండి. వెలుతురు అంతటా సమానంగా, మసకగా కనిపిస్తే ఇంకా కొంత కాలం నడుస్తుంది. ఎక్కడా వెలుతురే రాకపోతే నిండిపోయింది. ఒకచోట చుక్కలా మెరిస్తే అక్కడ చిల్లు ఉంది.

ఆ చిల్లు గురించే చెప్పాలి. పదేళ్ళ కిందట నాకొక పాత డీజిల్ కారుండేది. పని మీద కృష్ణపట్నం వైపు, గూడూరు వైపు తెగ తిరిగేవాణ్ణి. మూడు వందల రూపాయల ఫిల్టర్ ఎందుకు కొనాలి అని, ప్రతి రెండు నెలలకీ దార్లో ఒక టైర్ల షాపు దగ్గర ఆపి గాలి కొట్టించేవాణ్ణి. ఫిల్టర్‌ని నేలకేసి రెండు దెబ్బలు కొట్టి, గొట్టం ముక్కు మడతలకి ఆనించి ఊదితే దుమ్ము మబ్బులా లేచేది. చూడ్డానికి ఎంతో తృప్తిగా ఉండేది. టైర్ల షాపు కంప్రెసర్ ట్యాంకులో గాలి ఒత్తిడి 100 పీఎస్ఐ పైనే ఉంటుంది. మీ కారు టైరులో ఉండేది 30, 33. కాగితం ఆ దెబ్బకి ఆగదని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు. ఏడెనిమిది వేల కిలోమీటర్లు తిరిగేసరికి సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. నెలకోసారి అర లీటరు ఇంజన్ ఆయిల్ పోయాల్సి వచ్చేది. చివరికి ఒక పెద్దాయన, ముప్పయ్యేళ్ళుగా డీజిల్ పని చేస్తున్న మేస్త్రీ, ఏమీ విప్పకుండా ముందు ఆ ఎయిర్ గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి తుడిచాడు. వేలంతా బూడిద. తర్వాత ఫిల్టర్ తీసి ఎండకేసి పట్టుకున్నాడు. ఒక మడత అడుగున ఆవగింజంత చిల్లు. దాని పక్కనే ఇంకోటి. రింగులు మార్చి, బోరు పని (అరిగిన సిలిండర్ గోడని సరిచేయడం) చేయించి బండి బయటికి వచ్చేసరికి 38 వేలు అయింది. మూడు వందలు మిగుల్చుకుందామని వెళ్ళి తెచ్చుకున్న ఖర్చు అది. ఇప్పటికీ టైర్ల షాపు దగ్గర ఎవరైనా ఫిల్టర్ చేత్తో పట్టుకుని నిలబడితే దిగి చెప్పాలనిపిస్తుంది, చెప్తాను కూడా.

మీ తమ్ముడు చెప్పింది పూర్తిగా తప్పని కాదు. కొన్ని కంపెనీలు మధ్యలో ఫిల్టర్ శుభ్రం చేసుకోవచ్చనే రాస్తాయి. కానీ దానికో పద్ధతుంది. చాలా తక్కువ ఒత్తిడితో, గొట్టం దూరంగా పెట్టి, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకి ఊదాలి. మురికి వైపు నుంచి ఊదితే దుమ్ము కాగితం లోపలికి ఇంకా దిగుతుంది. టైర్ల షాపులో ఈ జాగ్రత్తలు తీసుకునే తీరిక ఎవరికీ ఉండదు. పైగా కొన్ని కార్లకి కాగితం మీద నూనె తడి ఉండే ఫిల్టర్లొస్తాయి, వాటికి అసలు గాలి కొట్టకూడదు. నీళ్ళతో కడగడమైతే ఏ కాగితం ఫిల్టర్‌కీ పనికిరాదు.

ఒక చిన్న విషయం చాలామందికి వింతగా అనిపిస్తుంది. కాస్త దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్త ఫిల్టర్ కన్నా బాగా వడకడుతుంది. పేరుకున్న పొడే ఇంకో జల్లెడలా పనిచేసి, ఇంకా సన్నటి రేణువుల్ని ఆపుతుంది. కాబట్టి వారం వారం విప్పి చూడడం, దులపడం లాంటివి చేయకండి. విప్పిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలికి జారే ప్రమాదం ఉంది. మూడు నెలలకోసారి చూస్తే చాలు.

ఇక మైలేజీ సంగతి. ఈ మాట సర్వీసుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. గాలినీ పెట్రోలునీ కలిపే పాత పరికరం కార్బురేటర్ ఉన్న బండ్ల కాలంలో అది నిజమే. ఇప్పటి పెట్రోలు కార్లలో ఎంత గాలి వస్తోందో సెన్సార్ కొలిచి, దానికి తగినంత పెట్రోలే కంప్యూటర్ వదులుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ వాళ్ళు 2009లో ఈ సంగతి కొలిచి చూశారు. ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాంటి కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు. పికప్ మాత్రం తగ్గింది, కొత్త ఫిల్టర్ వేస్తే 6 నుంచి 11 శాతం దాకా మెరుగైంది. కాబట్టి పెట్రోలు డబ్బులు మిగులుతాయని ఈ ఫిల్టర్ మార్చకండి. ఇంజన్ పది కాలాల పాటు ఉండాలని మార్చండి. మైలేజీ తగ్గిందనిపిస్తే ముందు టైర్లలో గాలి చూసుకోండి.

ఇప్పుడు మీ బాబు తుమ్ముల దగ్గరికి వద్దాం. ఏసీ ఫిల్టర్ తీయడం కూడా తేలికే. ఎడమ సీటు ముందున్న సొరుగు ఖాళీ చేయండి. చాలా కార్లలో సొరుగు రెండు పక్కల గోడల్నీ లోపలికి నొక్కితే మొత్తం కిందికి వాలిపోతుంది. వెనక పలకలా ఒక చిన్న మూత కనిపిస్తుంది. దాని క్లిప్పులు నొక్కి లాగితే ఫిల్టర్ అంచు చేతికొస్తుంది. తీసేటప్పుడు నిదానంగా, అడ్డంగానే లాగండి, కింద పాత పేపరు పరచండి. కారు వేపచెట్టు కింద పెట్టే అలవాటుంటే, శివరాత్రి అప్పుడు రాలిన ఆకులన్నీ మడతల్లో ఇరుక్కుని కనిపిస్తాయి. అవి తడిసి కుళ్ళితే మీరు రాసిన ఆ మట్టి వాసనే వస్తుంది. తెల్లగా ఉండాల్సిన ఫిల్టర్ పొయ్యి మసిగుడ్డలా ఉంటే ఆశ్చర్యపోకండి. కొత్తది పెట్టేటప్పుడు అంచు మీద బాణం గుర్తు చూసుకోండి. గాలి ఎటు వెళ్తుందో ఆ బాణం చెప్తుంది, పాతది ఎటు తిరిగి ఉందో కొత్తదీ అటే. తీసే ముందు ఒక ఫొటో తీసుకుంటే తికమక ఉండదు. మొదటిసారి పావుగంట పడుతుంది, రెండోసారికి ఐదు నిమిషాలు.

కొన్ని పాత మోడళ్ళలో, కింది వేరియంట్లలో ఏసీ ఫిల్టర్ పెట్టే అర ఉంటుంది గానీ కంపెనీ ఫిల్టర్ పెట్టి ఇవ్వదు. మూత తీస్తే ఖాళీగా కనిపిస్తుంది. మీది అలాంటిదైతే సరిపోయే సైజు కొని పెట్టించండి, ఇన్నాళ్ళూ దుమ్మంతా నేరుగా లోపలికి వస్తున్నట్టే.

మీ ఎస్టిమేట్‌లో ఏసీ ఫిల్టర్ 720 ఉంది కాబట్టి అది బొగ్గు పొర ఉన్న రకం అయి ఉండొచ్చు. నల్లగానో బూడిద రంగుగానో ఉంటుంది. ఆ బొగ్గు పొర డీజిల్ పొగ వాసన, రొయ్యల చెరువుల వాసన లాంటివి తగ్గిస్తుంది. రాతి పొడిని ఆపడంలో మామూలు దానికీ దీనికీ పెద్ద తేడా లేదు. మీకు కావాల్సింది దుమ్ము ఆగడం. 720 పెట్టి ఒకటి ఏడాది పొడుగునా వాడే బదులు, మూడు నాలుగు వందల మామూలు ఫిల్టర్ ఆరు నెలలకోసారి మార్చడం మీ రోడ్డుకి మేలు. బాబు తుమ్ములు కొత్త ఫిల్టర్ వేసిన రెండు వారాలకి కూడా తగ్గకపోతే, లేదా పడుకున్నప్పుడు పిల్లికూతలు వినిపిస్తే, కారు మీద నెపం పెట్టి ఊరుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. కారు ఫిల్టర్ పెద్ద రేణువుల్ని బాగానే ఆపుతుంది గానీ బాగా సన్నటి దుమ్మునంతా ఆపలేదు.

రాళ్ళ లారీ వెనక పడినప్పుడు అద్దాలు ఎత్తి, బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్ అది. ఫిల్టర్ త్వరగా నిండకుండా ఉంటుంది, బాబుకీ హాయి. లారీని దాటాక మళ్ళీ బయటి గాలికి మార్చండి. గంటల తరబడి లోపలి గాలితోనే నడిపితే మన ఊపిరితోనే కారు నిండి మత్తుగా, నిద్ర వచ్చినట్టు ఉంటుంది.

మీ ఎస్టిమేట్‌లో లైను లైనూ చూద్దాం. ఇంజన్ ఫిల్టర్ 390 అన్యాయం కాదు. చిన్న పెట్రోలు కార్లకి ఇవి సుమారు 200 నుంచి 400 మధ్యన, కొంచెం పెద్ద కార్లకి 400 నుంచి 900 దాకా ఉంటాయి. మామూలు ఏసీ ఫిల్టర్ 250 నుంచి 600 లోపు. పెట్టె మీద ముద్రించిన ఎమ్మార్పీ చూసుకోండి. అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఎమ్మార్పీ మీద మళ్ళీ జీఎస్టీ కలిపితే ఒప్పుకోవద్దు. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ వేయడం మాత్రం సరైనదే, మీ బిల్లులో బిగించే లేబరూ, రెండు క్లీనింగులూ కలిపి 2,850 మీద ఆ 513 వచ్చింది.

లేబర్ 450 ఎక్కువ. రెండు ఫిల్టర్లూ కలిపి బిగించడానికి నిదానస్తుడికైనా ఇరవై నిమిషాలు. సర్వీసు చేయిస్తున్న రోజున ఎలాగూ ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తారు, దానికి వేరే లేబర్ ఏమిటని నెమ్మదిగా అడగండి. అడిగితే చాలాచోట్ల తగ్గిస్తారు. బయటి మెకానిక్ అయితే వందో రెండు వందలో తీసుకుంటాడు.

ఏసీ డక్ట్ క్లీనింగ్, అంటే ఏసీ గాలి వచ్చే దారుల్ని శుభ్రం చేయడం, ఇప్పుడే వద్దు. ముందు ఫిల్టర్ మార్చి ఒక వారం నడపండి. గాలి తగ్గడానికి, వాసనకీ నూటికి తొంభై పాళ్ళు నిండిపోయిన ఫిల్టరే కారణమని నా అనుభవం. మార్చాక కూడా తడి గోనెసంచి వాసన వస్తుంటే, లోపల చల్లబరిచే కాయిల్ మీద బూజు పట్టి ఉండొచ్చు, అప్పుడు క్లీనింగ్ చేయించడంలో అర్థం ఉంది. దానికీ ఒక ఇంటి చిట్కా ఉంది. ఇల్లు రెండు మూడు నిమిషాల దూరంలో ఉండగానే ఏసీ ఆపేసి ఫ్యాను మాత్రం నడవనివ్వండి. కాయిల్ ఆరిపోతుంది, బూజు పట్టదు.

థ్రాటిల్ క్లీనింగ్ 950 కూడా పక్కన పెట్టండి. ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్ళాలో అదుపు చేసే చిన్న తలుపు ఉన్న భాగమే థ్రాటిల్ బాడీ. సిగ్నల్ దగ్గర నిలబెట్టినప్పుడు ఇంజన్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతూ కొట్టుకుంటుంటేనో, ఆగిపోతుంటేనో దాని అవసరం ఉంటుంది. మీరు అలాంటిదేమీ రాయలేదు.

ఎక్కడ కొనాలి అంటే, కంపెనీ షోరూమ్‌లోనే విడిభాగాల కౌంటర్ వేరే ఉంటుంది. బండి లోపల పెట్టకుండా ఫిల్టర్లు మాత్రమే కొనుక్కుని రావచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆర్సీ కార్డు గానీ దాని ఫొటో గానీ చూపిస్తే సరైన నంబరు భాగం ఇస్తారు. మీ కారు ఇంకా వారంటీలో ఉంటే అదే మంచిది, బిల్లు దాచుకోండి. వారంటీ అయిపోతే బాష్, పురోలేటర్, ఎలోఫిక్, మాలే లాంటి కంపెనీల ఫిల్టర్లు కూడా తీసుకోవచ్చు. ఒంగోలు ఆటోమొబైల్ షాపుల్లోనూ, నెల్లూరు ఆటోనగర్‌లోనూ అడిగితే దొరుకుతాయి. పేరు లేని ఎనభై రూపాయల ఫిల్టర్ మాత్రం ముట్టుకోవద్దు. అలాంటిదొకటి చేతిలోకి తీసుకుని పాతదాని పక్కన పెట్టి చూడండి. మడతలు తక్కువగా, దూరదూరంగా ఉంటాయి. కాగితం వేలితో నొక్కితే పల్చగా వంగుతుంది. రబ్బరు అంచు గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటుంది, పెట్టెలో సరిగ్గా కూర్చోదు. అలా సరిగ్గా అమరని ఫిల్టర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. డూప్లికేట్లు పెద్ద కంపెనీల పెట్టెల్లో కూడా వస్తుంటాయి కాబట్టి పెట్టె మీద భాగం నంబరు, ఎమ్మార్పీ, తయారీ తేదీ స్పష్టంగా ఉన్నాయా అని చూసి, బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

లెక్క కట్టి చూపిస్తాను. మీరు రోజుకి 50, నెలకి పాతిక రోజులు తిరిగినా ఏడాదికి 15 వేల కిలోమీటర్లు. ఇంజన్ ఫిల్టర్ ఒకటి 390. ఏసీ ఫిల్టర్లు రెండు, ఒక్కోటి 350 వేసుకుంటే 700. ఏడాది మొత్తానికి 1,090 రూపాయలు. నెలకి వంద లోపే. మీ ఆయనకి ఈ లెక్క చెప్పండి, ఆయన మాట ప్రకారం ఫిల్టర్లు రెండూ మారుస్తున్నారు కాబట్టి ఆయనకీ అభ్యంతరం ఉండదు. తమ్ముణ్ణి మాత్రం ఆదివారం పిలిపించి స్క్రూడ్రైవర్ చేతికిచ్చి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఒకసారి చేత్తో తీసి చూస్తే అతని బండికి కూడా గాలి కొట్టించడం మానేస్తాడు.

బిగించాక ఫిల్టర్ ప్లాస్టిక్ అంచు మీద మార్కర్‌తో తేదీ, మీటరు మీద ఉన్న కిలోమీటర్లు రాయండి. నా కారులో నేను అలాగే రాస్తాను. ఎవరి దగ్గర సర్వీసు చేయించినా, నిజంగా మార్చారో లేదో మూత తీస్తే తెలిసిపోతుంది.

చీమకుర్తి వైపు వెళ్ళే మిగతావాళ్ళు, ముఖ్యంగా టర్బో ఇంజన్, డీజిల్ బండ్లున్నవాళ్ళు, మీ కన్నా ఇంకా జాగ్రత్తగా ఉండాలి. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం, వేగంగా తిరిగే దాని రెక్కలకి ఫిల్టర్ దాటి వచ్చిన పొడి నేరుగా తగులుతుంది. మీ స్టాఫ్ రూములో అలాంటి బండి ఎవరికైనా ఉంటే ఈ ఒక్క మాట చెప్పండి.

పాత ఫిల్టర్లు తీసినప్పుడు బాబుని దగ్గరికి రానివ్వకండి. గుమ్మం ముందు దులపకుండా, కింద పరిచిన పేపర్లోనే మెల్లగా చుట్టి, కవర్లో పెట్టి ముడి వేసి చెత్తబండికి వేయండి. ఆ పని చేసేటప్పుడు మీరు ముక్కుకి చున్నీ కాకుండా మంచి మాస్కు పెట్టుకోండి.